పెట్టె వెనక ఎర్రచుక్క

1986 ఏప్రిల్ 27, ఆదివారం

కంప్యూటరు పెట్టెకి రెండో పూత వార్నిష్ వేశాను. ఎవరూ వేలు పెట్టి చూడొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పి, నేనే పెట్టి చూశాను. ముద్ర పడింది. సారమ్మ మీదకి తోసేశాను. "నా వేలు అంత లావుందాండీ?" అని కొట్లాటకొచ్చింది. పెళ్ళయిన నాటినుంచీ ఇదే ఆట... నాకు విసుగే రాదు.

మావాడు మస్కట్ నుంచి తెచ్చిన మిషను. పోయిన సెలవుల్లో తెచ్చి, పెళ్ళానికి అప్పజెప్పి వెళ్ళిపోయాడు. చూడ్డానికి టైపుమిషను ముక్కలా ఉంటుంది. కరెంటుకి ఒక తీగ, టీవీకి ఒక తీగ, టేపురికార్డరుకి ఒక తీగ. ముందుగదిలో పాములవాడు బుట్ట బోర్లించినట్టుండేది. అందుకే ఈ టేకుపెట్టె. అక్షరాల మీటలు మాత్రం ముందుకి. మిగతాదంతా వెనక్కి. ముందునుంచి చూసినవాడికి ఒక్క తీగ కనపడితే నేను మేస్త్రినే కాదు.

ఏప్రిల్ 29, మంగళవారం

తాటిపాక. రేడియో రిపేరు సత్తిబాబు కొట్టు.

కంపెనీవాడు మూడు తీగలకి మూడు రకాల ప్లగ్గులిచ్చాడు — ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి పలక. అవి దూరే కన్నాలూ అంతే, దేని దారి దానిది. అంత చక్కటి పెట్టె వెనక అలా వంకరటింకరగా ఉంటే ఏం బావుంటుంది? అన్నీ ఒకటే రకం, గుండ్రటివి, వరసగా వేసెయ్యమన్నాను.

సత్తిబాబు గొణిగాడు. "వద్దండీ మేస్త్రిగారూ. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో దూరకూడదనే కదండీ వాళ్ళలా ఇచ్చేరు. కరెంటుది పట్టుకెళ్ళి టేపు కన్నంలో పెట్టేరంటే మిషను ఇంక లేవదండి."

"ఒరే, నువ్వు రేడియోల సంగతి చూడు. అందం సంగతి నేను చూస్తాను."

"ఆయ్, మీ ఇష్టమండి."

ఇష్టమంటూనే కరెంటు కన్నం పక్కన ఎర్ర పెయింటు చుక్క ఒకటి పెట్టాడు, గుర్తుకి. బొట్టెట్టావేంట్రా, దీనికేమన్నా పెళ్ళా అన్నాను. కొట్లో అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

మే 1, గురువారం

పెట్టె ముందుగదిలో బల్లమీద, గోడకి ఆనించి పెట్టాను. కోడలు రూతు గోడకీ పెట్టెకీ మధ్య చెయ్యి దూర్చి తడుముకుంటోంది.

"కొంచెం ముందుకి జరుపుకోనా మావయ్యగారూ? కన్నాలు కనపడట్లేదండి."

వద్దన్నాను. జరిపితే వెనకాల తీగలు కనపడతాయి. "బియ్యెస్సీ చదివేవు, కన్నం కనపడదా అమ్మాయ్?"

నవ్వేసింది. చెంప గోడకి ఆనించి, ఎర్రచుక్క చూసుకుని పెట్టుకుంది. టీవీలో తన బిడ్డ బుజ్జి పేరు పరుగులెట్టింది. బుజ్జి చప్పట్లు. తర్వాత నా పేరు వేసింది. నా పేరు అలా కదుల్తుంటే లేచి నిలబడ్డాను... ఎందుకో.

ఆదివారం చర్చి అయ్యాక రాజోలు స్కూలు కరస్పాండెంటుగారు చూడ్డానికి వస్తారు. జూన్ నుంచి పిల్లలకి కంప్యూటరు చెప్పేవాళ్ళు కావాలంట. నడిపి చూపిస్తే ఉద్యోగం రూతుకే. ఈ ఇంటికొచ్చాక తను నోరు తెరిచి కావాలన్నది ఇదొక్కటే.

మే 4, ఆదివారం

రాయలేను.

మే 5, సోమవారం

రాస్తాను. ఈ కాగితానికైనా.

నిన్న పొద్దున్న, చర్చికి బయల్దేరే ముందు, ఆఖరిసారి తుడుద్దామని తీగలు పీకి పెట్టె తిప్పాను. నున్నటి టేకుమీద ఆ చుక్క కంట్లో నలుసులా ఉంది. పెద్దమనుషులొస్తున్నారు కదా. ఉప్పుకాగితం పెట్టి రెండు రుద్దులు రుద్దాను. పోయింది. పైన కాస్త వార్నిష్. పెట్టె మళ్ళీ గోడకి ఆనించేశాను. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాలని తోచలేదు.

కరస్పాండెంటుగారు, ఆయన భార్య, వెనకాలే వీధిలో సగం మంది. రూతు తీగలు పెట్టడానికి వెళ్ళింది. గోడకీ పెట్టెకీ మధ్య తల దూర్చింది. తియ్యదే! చుక్క కోసం వెతుకుతోందని నాకు తట్టాలి కదా. తట్టలేదు. పైగా—

"ఏమ్మా, లోపల బల్లి గుడ్లు పెట్టిందా?"

గొల్లుమన్నారందరూ. రూతు చెవులు ఎర్రబడ్డాయి. కంగారులో ఏదో కన్నంలో గుచ్చేసి స్విచ్చి వేసింది. చిటుక్కుమంది. రబ్బరు కాలిన వాసన. పెట్టె సందుల్లోంచి పొగ...

"చూసి పెట్టుకోవాలి కదమ్మా" అన్నారు కరస్పాండెంటుగారు. నెమ్మదిగానే అన్నారు. ఆయన భార్య కాఫీ సగంలో వదిలేసి లేచింది. గుమ్మం దగ్గర ఎవరో — "ఆడపిల్ల చేతికి అంత ఖరీదైంది ఇస్తే ఇంతేనండి."

చుక్క చెరిపింది నేనని నాలుక చివరిదాకా వచ్చింది. అంతమంది ఉన్నారు. మింగేశాను.

మే 6, మంగళవారం

మిషను ఒక్కటే సంచిలో వేసుకుని సత్తిబాబుకి చూపించాను. మూత తీసి చూసి మళ్ళీ మూసేశాడు. "నల్లగా అయిపోయిందండి లోపలంతా. కరెంటుది టేపు కన్నంలో పెట్టేరు కదండీ?" అని, "చుక్క పెట్టేను కదండీ నేను?" అన్నాడు. పెట్టావు, పెట్టావు అన్నాను.

ఇంటికొస్తే రూతు అంటోంది — "చుక్క కనపడలేదండి మావయ్యగారూ. ఎంత వెతికినా కనపడలేదు." పెట్టె తిప్పి చూస్తుందని నాకు భయం పట్టుకుంది.

నిన్నటిదాకా చేసింది పొరపాటు. ఇవాళ చేసింది అది కాదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే అటకమీది పెయింటు డబ్బా దింపి, అగ్గిపుల్లతో చుక్క మళ్ళీ పెట్టేశాను. అదే చోట, అదే సైజు.

మేస్త్రి చెయ్యి. తేడా తెలియదు.

మే 8, గురువారం

రూతు పెట్టె తిప్పి చూసింది. వేలితో తడిమింది.

"ఉందండి. ఇక్కడే ఉంది. నాకే కనపడలేదు."

ఎండకి కళ్ళు బైర్లు కమ్ముంటాయిలే అన్నాను. నోరు ఎలా వచ్చిందో. సారమ్మ — "మొహం అలా పెట్టేరేంటండీ?" పొద్దున్నే నీ మొహం చూశాను, అందుకే అన్నాను. నవ్వింది. ఎంత తేలిగ్గా తప్పించుకుంటానో నేను.

మే 10, శనివారం

అమలాపురం. కంటి డాక్టరు దగ్గరికి. రూతే అడిగింది తీసుకెళ్ళమని. ఈ మధ్య ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది. బుజ్జి దగ్గుమందు సీసా తను చదివి, మళ్ళీ సారమ్మ చేత చదివిస్తోంది.

గోడమీది అక్షరాలు అట్టడుగు వరసదాకా గడగడా చదివేసింది. "నిక్షేపంలాంటి కళ్ళమ్మా మీవి" అన్నాడు డాక్టరు. సంతోషిస్తుందనుకున్నాను. ఇంకా వాడిపోయింది.

బస్సులో, కిటికీ వైపు తిరిగి— "కళ్ళు బాగుంటే మరి నాకేం పాడయ్యిందండీ?"

నేను కండక్టరు మీసం మీద వేళాకోళం మొదలెట్టాను. బస్సంతా నవ్వింది. తను కిటికీలోంచే చూస్తోంది.

మే 11, ఆదివారం

మిషను తనే కాల్చేశానని రూతు మస్కట్‌లో మావాడికి రాస్తానంటోంది. తొందరేముందిలే అన్నాను. ఆ మాట తన కోసం కాదు.



మే 13, మంగళవారం

రాజోలు వెళ్ళాను. దారిపొడుగునా అవే మాటలు వల్లించుకున్నాను. కరస్పాండెంటుగారి అరుగుమీద కూర్చోకముందే చెప్పేశాను — చుక్క చెరిపింది నేనండి. మళ్ళీ పెట్టిందీ నేనేనండి. అసలు ప్లగ్గులన్నీ ఒకటే రకం వేయించిందీ నేనేనండి. అమ్మాయి తప్పేం లేదండి.

ఆయన నా మొహంలోకి చూశారు. పడీపడీ నవ్వారు.

"చెరిపేరు... మళ్ళీ పెట్టేరు! ఎంత బాగా అల్లేరండీ మేస్త్రిగారూ! కోడల్ని ఇలా వెనకేసుకొచ్చే మావగార్ని నేనెక్కడా చూళ్ళేదండి."

"నిజమండి బాబూ."

"ఆయ్, నిజవేనండి. మొన్న క్రిస్మస్‌కి మీరే పాస్టరుగారి గొడుగు దానంతటదే కొబ్బరిచెట్టెక్కిందన్నారు. అదీ నిజవే." లోపలికి కేకేశారు. "ఇదిగో, మేస్త్రిగారు ఏమంటున్నారో విను!"

ఆవిడా నవ్వింది. కాఫీ ఇచ్చారు. తాగాను. ఆవిడ మా ఇంట్లో వదిలేసి లేచిన కాఫీ గుర్తొచ్చింది, అయినా తాగాను.

పంపించేటప్పుడు అన్నారు — స్కూలుకి కొత్త మిషను వస్తోందంట. "వచ్చే సోమవారం అమ్మాయిని రమ్మనండి. మీ మొహం చూసి ఇంకోసారి చూద్దావండి."

నా మొహం చూసి!

మే 14, బుధవారం

రూతు వెళ్ళనంటోంది. "ఎదురుగా ఉన్న చుక్క కనపడని దాన్నండి నేను. స్కూలు మిషను కూడా కాల్చేస్తే?"

మే 16, శుక్రవారం

నిన్న ప్రార్థన కూటంలో కరస్పాండెంటుగారి భార్య రూతుకి అంతా చెప్పేసిందట. ఇవాళ అన్నాల దగ్గర రూతు నా కంచంలో పెద్ద చేపముక్క వేసింది.

"నాకోసం అంత అబద్ధమాడేరంట కదండీ మావయ్యగారూ. మా నాన్న కూడా ఆడరండి."

"అబద్ధం కాదమ్మాయ్. నిజంగానే చెరిపాను. ఉప్పుకాగితంతో."

నవ్వింది. పొగ లేచిన ఆదివారం తర్వాత నవ్వడం ఇదే మొదలు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. సారమ్మ నవ్వింది. బుజ్జి కూడా, ఎందుకో తెలియకుండానే.

నేనూ నవ్వాను. చేపముక్క తిన్నాను.

మే 17, శనివారం

ఇవాళ ఎవర్నీ ఏమీ అనలేదు. ఒక్కరోజు మామూలు మనిషిలా ఉంటే రేపు నా మాట నమ్ముతారేమోనని. సారమ్మ నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది. పాలవాడు "ఒంట్లో బాలేదాండీ?" అన్నాడు. వాడి నీళ్ళపాల మీద ఒక మాట తన్నుకొచ్చింది... ఆపుకున్నాను. చాలా కష్టమైంది.

మే 18, ఆదివారం

రేపే సోమవారం. రూతు వెళ్ళనంటే వెళ్ళననే కూర్చుంది.

పెట్టె గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి తెచ్చాను. వెనకవైపు ఇటు తిప్పాను. పక్కన ఉప్పుకాగితం, పెయింటు డబ్బా, అగ్గిపుల్ల. తన ఎదురుగా చెరుపుతాను. తన ఎదురుగా మళ్ళీ పెడతాను. నీ కళ్ళు బంగారం అమ్మాయ్, పాడైంది నేను అంటాను. నవ్వకుండా అనాలి.

దీన్నీ ఆటే అనుకుంటే రేపు వెళ్ళదు. రేపు వెళ్ళకపోతే ఇంక ఎప్పటికీ దేన్నీ తన కళ్ళతో చూసి నమ్మదు. నమ్మితే... అగ్గిపుల్ల పట్టుకున్న నన్ను తల్చుకుని, నా మొహం వైపు చూడదు. అది చాలా సబబు అని రాసి కొట్టేశాను. సబబే.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

"వస్తున్నానండీ!"

వంటింట్లో చెంబు పెట్టిన చప్పుడు. చెయ్యి తుడుచుకుంటూ వస్తోంది. నేనింకా నోరు విప్పలేదు. అప్పుడే నవ్వుతోంది—