అత్తమ్మ రెండో కన్ను

ఏమయ్యా, బాగున్నావా?

నువ్వు పోయి ఏడాది దాటింది. ఇక్కడ కుకునూరుపల్లిలో అందరం బాగానే ఉన్నామని రాయాలనే కూర్చున్నాను. కానీ మీ అమ్మ... అదే చెబుతాను, కాస్త ఆగు.

నీ జబ్బు సంగతి మొదట టమాటాలే కదా మనకు చెప్పింది. గజ్వేల్ మార్కెట్‌లో నీకు అమ్మడానికి ఓ రైతు తెచ్చిన సరుకు కళ తప్పిందని గొడవకు దిగావు. అందరికీ ఎర్రగానే కనిపిస్తున్నాయి. ఇంటికొచ్చి ఒక కాయ చేత పట్టుకుని ఒక కన్ను మూసి చూశావు, తర్వాత రెండోది. "ఎడమ కంటికి మట్టి రంగున్నదే గిది" అన్నావు. నేను నవ్వాను. అద్దాలు పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాం.

హైదరాబాద్‌లో స్కానింగ్ తీశాక డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. కన్ను బాగానే ఉంది, అది చూసినదాన్ని మెదడుకు మోసుకెళ్లే నరంలోనే క్యాన్సర్ అంది. పెద్దవాళ్లకు చాలా అరుదట, వస్తే మాత్రం ఆగదట. రెండు కళ్ల నరాలూ లోపల ఒకచోట కలుస్తాయి కాబట్టి రెండో కన్ను కూడా పోవచ్చంది. "మోటరు మంచిగుండి వైరు కాలినట్టా?" అని నువ్వే అడిగావు. అవునంది. ఎంత సులువుగా అర్థమైందో... ఎందుకు అర్థమైందా అనిపించింది.

రేడియేషన్ అని కరెంటు పెట్టారు, మందులిచ్చారు. చూపు పూర్తిగా పోయాక నీకు మనుషులు కనిపించడం మొదలైంది. తలపాగాల వాళ్లు, పట్టుచీరల ఆడవాళ్లు... అరుగు నిండా, నోరు మెదపకుండా. మీ అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. చూపు అందని మెదడు తనే బొమ్మలు గీసుకుంటుంది, అది దయ్యం కాదు, పిచ్చీ కాదు అంది డాక్టరమ్మ. దాంతో నీ భయం పోయింది. "వచ్చిన్రే సుట్టాలు. చాయ్ వెట్టకు, ఒక్కడు గూడ తాగడు" అనేవాడివి. నేను మాత్రం ఎవరికైనా తగులుతానేమోనని ఆ అరుగును ఓ పక్కగా దాటేదాన్ని. ఇప్పటికీ అంతే.

ఇప్పుడు అత్తమ్మ రెండు కళ్లలో శుక్లాలు ముదిరాయి. పొయ్యి మీద చెయ్యి కాల్చుకుంది, బాత్రూమ్ దగ్గర పడింది. ఆపరేషన్ చేయిద్దామంటే వద్దంది. ఎందుకో తెలుసా? నువ్వు వస్తున్నావట.

రోజూ మధ్యాహ్నం వంటింటి గుమ్మం పక్కన, బోర్లించి ఉన్న నీ టమాటా డబ్బా మీద కూర్చుంటావట. మాట్లాడవట. ఆమె వైపు చూడవట, లోపల పని చేసుకుంటున్న నా వైపే చూస్తావట.

ఆమెను చూసిన సిద్దిపేట కంటి డాక్టరు కూడా ఆ మాటే చెప్పాడు, మెదడు గీసే బొమ్మలేనని. కానీ అలా కనిపించేది ఎక్కువగా ముక్కూమొహం తెలియని వాళ్లేనట. మరి నువ్వెలా వచ్చావు? వస్తే నాకెందుకు కనిపించవు? కళ్లు బాగున్నందుకా నాకీ శిక్ష? నీ మీద కోపంగా ఉంది, దాచను.

మొన్న కళ్లకు కొంగు కట్టుకుని నేనూ ఆ డబ్బా మీద కూర్చున్నాను. చీకటి, చెమట... అంతే. మంచం మీద నుంచి అత్తమ్మ నన్ను కాస్త జరగమంది. వాడు ఇరుకున కూర్చున్నాడంది.

నేను జరిగాను. కాసేపు అలాగే కూర్చున్నాం.

చివరికి ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది. ఒక్క కన్నే చేయించాలట. అది నా కోసం, ఎక్కడా పడి నాకు పని పెట్టకుండా. రెండో కన్ను నీ కోసం ఉంచుకుంటుందట. డాక్టరు ఎలాగూ రెండూ ఒకేసారి చేయడు, సరే అన్నాడు. గురువారం రమ్మన్నాడు.

ఆమెను ఆటోలో కూర్చోబెట్టి నేను మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగాను. ఒక్క కంటికి చూపొచ్చినా ఆ బొమ్మలు చాలావరకు ఆగిపోతాయన్నాడు.

అత్తమ్మకు ఆ మాట చెప్పలేదు. చెబితే ఆపరేషన్‌కు రాదు. రాకపోతే మళ్లీ పడుతుంది... ఈసారి ఎముక విరిగితే నేనొక్కదాన్ని ఏం చేయను?

ఆమెను నేను చూసుకుంటాను, నీకు మాట ఇస్తున్నాను. నువ్వు బుధవారం మధ్యాహ్నం తప్పకుండా రా. ఆ ఒక్కరోజైనా మీ అమ్మ వైపు చూడు.

గురువారం సంగతి మాత్రం చెప్పకు.

నీ
సుజాత