గంగమ్మ గుడి ముందర స్తంభమెక్కిన మనిషి

చిత్తూరు, సోమవారం.

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,

నగరి దగ్గర సాలెకండ్రిగ గ్రామ కాపురస్థుడు, మరమగ్గం కార్మికుడు కోదండం సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కుమారుడు ఢిల్లీబాబు కరెంటు స్తంభము మీద మరణించిన సందర్భమున తయారైన విచారణ నివేదిక నుండి 'దొంగతనము' అను మాటను కొట్టివేయించి, 'బల్బు మార్చుటకు ఎక్కినాడు' అని వ్రాయించవలసినదిగా ప్రార్థన.

ఇదివరలో ఇదే విషయమై ఒక అర్జీ ఇచ్చుకొని ఉన్నాను. దాన్ని తమ ఆఫీసు గేటు పక్కన మిషను పెట్టుకొని కూర్చునే ఆయన టైపు కొట్టిచ్చినాడు. బాగానే కొట్టినాడు. మొదటి లైనులో నా కొడుకు ఢిల్లీబాబు, ఆడనుంచి చివరిదాకా 'సదరు మృతుడు'. ఆ అర్జీ తిరిగి తిరిగి మా కరెంటాఫీసుకే పోయి, 'పరిశీలించి పరిష్కరించడమైనది' అని నా ఫోనుకు మెసేజి వచ్చినాది. ఏం పరిష్కరించినారో నాకు అర్థం కాలేదు. అందుకని ఈ తడవ నేనే రాసుకుంటా ఉండాను. పదో తరగతి దాకా చదివినాను. తప్పులుంటే మన్నించవలెను.

1. సదరు ఢిల్లీబాబు (చూడండి, నాకూ అదే మాట వస్తా ఉండాది) మాకు ఒక్కడే కొడుకు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పాసైనాడు. మా ఊరి లైన్‌మన్ రామచంద్ర గారికి మోకాళ్ళు బాగలేవు, స్తంభం ఎక్కలేడు. ఎక్కలేని లైన్‌మన్లు తమ చేతి నుంచి ఏదో ఇచ్చి ఒక పిల్లోణ్ణి పెట్టుకోవడం మా పక్క వాడుక. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎవరికీ తెలియదు. గాలివానకు వైరు తెగినప్పుడల్లా మా వాకిట్లోకి వచ్చి "ఒరే బాబూ, పద" అని పిలిచినారు. 'గుర్తు తెలియని ప్రైవేటు వ్యక్తీ, పద' అని ఎవరూ పిలవలేదు.

2. తదుపరి, వాని గుణగణములు. వానికి నోరు ఊరుకోదు. ఫోనులో యాడో చదివి, బల్బు జోకులని మొదలుపెట్టినాడు. బల్బు మార్చేదానికి ఫలానా ఉద్యోగం వాళ్ళు ఎంతమంది గావాల, అని అడుగుతాడు. జవాబు కూడా వాడే చెప్తాడు. ఫోనులోవి అయిపోయినాక సొంతంగా అల్లడం పట్టినాడు.

బల్బు మార్చేదానికి టీచర్లు ఎంతమంది గావాల? ఒక్కరు చాలు, గానీ ముందు ఫోటో తీసి యాప్‌లో పెట్టాల, అది ఎక్కేలోపల తెల్లారిపోతాది. డాక్టర్లు? ఒక్కరే. పైకి చూసి, వేలూరు పెద్దాస్పత్రికి తీసకపోండి అంటాడు. పోలీసులు? అది తేలాలంటే ముందు ఆ స్తంభం ఏ స్టేషను కిందికి వస్తాదో తేలాల. చిత్తూరు కోర్టు లాయర్లు? బల్బుకు వయసు మీరి పడిపోయేదాకా వాయిదాలే. మగ్గమోళ్ళు ఎంతమంది నాయనా, అని నన్నే అడిగినాడు. ఒక్కడు చాలంట, గానీ చేతిలో ఉండే లుంగీ పీసు అయ్యేదాకా లేయడంట. నేను అప్పుడు నిజంగానే మగ్గం మీద ఉండాను. లేయలేదు.

వాళ్ళమ్మ కుప్పమ్మకు ఈ జోకులు ఎక్కవు. సంగటి పెడతా, "అంతమంది ఎందుకురా, నువ్వొక్కడివి పోయి మారిస్తే సరిపాయె గదా" అనేది. దానికి వాడు జోకుకంటే ఎక్కువ నవ్వేవాడు.

ఒకనాడు రామచంద్ర గారు మా ఇంట్లో టీ తాగతా ఉంటే, ఆయన ముందరే అడిగినాడు. బల్బు మార్చేదానికి లైన్‌మన్లు ఎంతమంది గావాల? ఇద్దరు. ఒకడు పైకి ఎక్కేదానికి, ఒకడు కింద నిలబడి పైన ఎవరూ లేరని చెప్పేదానికి. అందరికంటే ఎక్కువ నవ్వింది రామచంద్ర గారే. టీ పొలమారింది.

కలెక్టరు జోకు చెప్పరా అని నేనడిగినాను. "కలెక్టరును నేను ఎప్పుడూ సూళ్ళేదు నాయనా, సూసినాక చెప్తా" అన్నాడు. కాబట్టి తమరి మీద ఏమీ లేదు. తమరు వేరేగా అనుకోరాదు.

3. జరిగిన విషయము. మొన్నటి గంగమ్మ జాతర నాడు, పొద్దు గూకే వేళకు గుడి ముందర స్తంభం మీద బల్బు పోయినాది. అమ్మవారి శిరసు ఊరేగింపుగా వీధిలోకి వచ్చేలోపల వెలుతురు ఉండాలని పెద్దమనుషులు రామచంద్ర గారికి ఫోను చేసినారు. ఆయన నా కొడుకును పిలిచినాడు. లైన్ క్లియర్ తీసుకున్నారు, అంటే సబ్‌స్టేషనుకు చెప్పి మా ఊరి లైను ఆపించినారు. అంతా పద్ధతి ప్రకారమే. రామచంద్ర గారు తన బెల్టు ఇచ్చినాడు. కొత్త బల్బును చొక్కా లోపల వేసుకొని నా కొడుకు ఎక్కినాడు. ఊరు చీకటైపోయినాది.

అదే సమయానికి అమ్మవారి శిరసు బయలుదేరినాది. అమ్మవారి ముఖం మీద చీకటి పడరాదనేది మా ఊరి కట్టు. జాతరలో కరెంటు పోతే ఎవరినీ అడగకుండా జనరేటరు వేసేస్తారు. సీరియల్ సెట్లను, అంటే రంగు బల్బుల దండలను, వీధిలైట్ల వైరుకే తగిలిస్తారు. ఏటా ఇంతే. ఈ ఏడూ అట్లే వేసినారు. వేసినాయన గుడి వెనక ఉండాడు, ముందర స్తంభం మీద మనిషి ఉండేది ఆయనకు తెలియదు. సబ్‌స్టేషనులో ఆపిన వైరులోకి మా ఊరి జనరేటరు నుంచే కరెంటు వచ్చినాది.

అయ్యా, వీధి వీధంతా ఒక్కసారి వెలిగినాది. పలక డప్పులు జోరెత్తినాయి. నేను జనంలో నిలబడి ఉండాను. ఆ వెలుతురు చూసి, మావాడు బల్బు వేసేసినాడని సంతోషపడినాను. పక్కనాయనకు చెప్పినాను కూడా, మావాడే అని.

4. జనరేటరు వేసినాయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన ఇప్పటికీ మా వీధిలోకి రాకుండా చుట్టూ తిరిగి పోతాడు. గంగమ్మ మీద ఫిర్యాదు ఉండాది, అది తమరి పరిధిలోకి రాదు.

5. విచారణకు చాలామంది వచ్చినారు. జీపుల్లో వచ్చినారు. టేపు పట్టి స్తంభాన్ని కొలిచినారు. ఫోటో తీసి యాప్‌లో పెట్టినారు. గుడి ఒక స్టేషను కింద, రోడ్డు ఇంకో స్టేషను కింద వస్తాదని పోలీసులు కొంతసేపు మాట్లాడుకొన్నారు. నా కొడుకు చెప్పినవన్నీ వరసగా నా కళ్ళ ముందర జరగతా ఉంటే నాకు నవ్వు రావాల. రాలేదు. అందరూ తలెత్తి పైకి చూసినారు, ఆ బల్బు మాత్రం ఎవరూ మార్చలేదు.

అటుపిమ్మట నివేదిక వచ్చినాది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తా ఉండాను: 'మృతుడు సంస్థ సిబ్బంది కాదు. సంస్థ తరఫున ఎవరినీ స్తంభము ఎక్కించలేదని విధులలోని లైన్‌మన్ వాంగ్మూలము ఇచ్చియున్నారు. గుర్తు తెలియని ప్రైవేటు వ్యక్తి వైరు దొంగతనము చేయు ఉద్దేశముతో ఎక్కియుండవచ్చునని భావించడమైనది.'

కింద రామచంద్ర గారి సంతకం.

నేను ఆయన ఇంటికి పోయినాను. ఆయన నా చేతులు పట్టుకొని ఏడ్చినాడు. "ఉన్నాడని చెప్తే నా ఉద్యోగం పోతాది కోదండం, సంతకం పెట్టమన్నారు, పెట్టినాను" అన్నాడు. "నీ కొడుకు ఆ పొద్దు టీ తాగేటప్పుడు చెప్పింది నాకు నిద్రలో వినపడతా ఉండాది అప్పా" అన్నాడు.

6. దొంగ అనుట గురించి. జాతరలో, పలకలు మోగతా ఉంటే, ఊరంతా కింద నిలబడి చూస్తా ఉంటే, లైన్‌మన్ బెల్టు కట్టుకొని, చొక్కాలో కొత్త బల్బు వేసుకొని ఎవడైనా వైరు దొంగతనానికి ఎక్కుతాడా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేదానికి ఇంజనీర్లు ఎంతమంది గావాల?

పై వాక్యము కోపంలో రాసినాను. తమరు కొట్టివేయవచ్చును.

7. ముఖ్యమైన సంగతి ఇది. నేను డబ్బు అడగడం లేదు. మా కుప్పమ్మకు చదువు రాదు. నివేదిక చేతికి వచ్చిన దినం అది నా పక్కన కూర్చొని, "ఏం రాసినారు సదువు" అనింది. నేను చదివినాను. 'ఢిల్లీబాబు, తండ్రి కోదండం, జాతరకు వెలుతురు ఇచ్చేదానికి బల్బు మార్చబోయి, డ్యూటీలో చనిపోయినాడు' అని చదివినాను. అది ఆ కాగితాన్ని తీసుకొని కండ్లకద్దుకొని, మళ్ళీ చదవమనింది. మళ్ళీ చదివినాను. అదే మాట తప్పిపోకుండా చదవడానికి చాలా కష్టపడినాను.

ఇప్పుడది ఆ కాగితాన్ని దేవుని పటం వెనక పెట్టుకొని, వచ్చినవాళ్ళకంతా చెప్తా ఉండాది. గవర్నమెంటోళ్ళే రాసినారంట, నా బిడ్డ డ్యూటీలో పొయ్యినాడని. వచ్చినవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు ఎవరైనా కాగితం తీయమంటారేమోనని నేను మగ్గం కాడికి పోకుండా ఇంట్లోనే కాపలా కూర్చుంటా ఉండాను. వచ్చే నెల దాని చెల్లెలి కూతురు నందిత వస్తాది. ఆ పిల్ల కాలేజీలో చదవతా ఉండాది. పెద్దమ్మా, యాడ, చూపించు, అంటాది. ఆ పొద్దు మా ఇంట్లో ఏమైపోతాదో తమరు ఊహించుకోవలెను.

కావున, ఆ పిల్ల వచ్చేలోపల, నేను చదివింది చదివినట్టుగా కాగితం మీద రాయించి ఇప్పించవలసినదిగా వేడుకొంటున్నాను. కొత్తగా ఏమీ కల్పించనక్కరలేదు. జరిగింది రాస్తే చాలు. నేను చదివిన దాంట్లో అబద్ధం ఒక్కటే ఉండాది, అది గవర్నమెంటు రాసిందనేది. ఆ ఒక్కదాన్నీ తమరు నిజం చేయవలెను.

ఒక తండ్రి చెప్పుకున్న మాటగా దీన్ని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కోదండం,
ఢిల్లీబాబు నాయన.

తాజాకలం: ఆ స్తంభం మీద బల్బు ఇంకా వేయలేదు. మా వాకిలికి అది కనపడతాది. వాడు చొక్కాలో వేసుకొని ఎక్కిన బల్బు ఆస్పత్రిలో బట్టలతో పాటు మాకు ఇచ్చినారు, పగల్లేదు. దాన్ని ఇంట్లో పెడదామంటే కుప్పమ్మ ఒప్పుకోలేదు. అది ఊరి బల్బు, తిరిగి ఇచ్చేయాల, అంటాది. నిన్న సందకాడ ఆ చీకటి వైపు చూస్తా, "ఇంగా ఎవరూ రాల్యా, అది మార్చేదానికి ఎంతమంది గావాలంట" అనింది. అది జోకు చెప్పడం లేదు. నిజంగానే అడిగినాది.

ఎవరినైనా పంపించండి అయ్యా. బల్బు మేమిస్తాము. వచ్చేవాళ్ళ పేరు మాత్రం ముందుగా కాగితం మీద రాసి పంపండి. ఆ వచ్చిన పిల్లోడు దిగేదాకా స్తంభం కింద నేను నిలబడతాను, పైన మనిషి ఉండాడని చెప్పేదానికి.