ఇంట్లో మనిషిని చూసి రమ్మనే శిక్షణ కేంద్రం గురించి

తేదీ: ఆగస్టు పద్నాలుగు, బుధవారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. దుకాణం ముందు కాలవలో అడ్డుపడిన చెత్త తీశాను.

సాంస్కృతిక శాఖ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బాలబాలికలకు నటన, నృత్యం, గానం నేర్పుతున్నామని చెప్పుకుంటున్న శిక్షణ కేంద్రం నిర్వాహకులపై విచారణ జరిపించుట గురించియు, అదే కేంద్రంలో మా అమ్మాయి స్థానం పోకుండా కాపాడుట గురించియు.

నేను కుట్టుమిషన్లు బాగుచేసి బతికేవాణ్ణి. బడిలో చదివింది కొంచెం, మిగతాది పాత పేపర్లు చూసి నేర్చుకున్నాను. రోజూ జమాఖర్చు రాసే అలవాటు వల్ల ఏ కాగితం మొదలుపెట్టినా ముందు తేదీ, వాన, చేసిన పని పడిపోతాయి. మన్నించగలరు. నా భార్య కాలం చేసింది. ఇంట్లో నేను, పదిహేనేళ్ళ మా అమ్మాయి, ఇద్దరమే. ఈ సంగతి దిగువ మూడో అంశానికి ముఖ్యం కాబట్టి ముందుగా మనవి చేస్తున్నాను.

1. సదరు కేంద్రం ఒక పాత గోదాములో నడుస్తోంది. బోర్డు లేదు. కిటికీలకు లోపలి నుంచి కాగితాలు అతికించారు. ఫీజు తీసుకోరు. ఊరికే నేర్పేవాళ్ళకి ఇంకేదో కావాలి కదా అని నా అనుమానం. నడిపేది ముగ్గురు. ఒకావిడని పిల్లలు పెద్దమ్మ అంటారు. ఎవరికి పెద్దమ్మో తెలియదు. ఏ ఊరండీ అంటే "చాలా ఊళ్ళు" అంటారు. రెండో ఆయన కర్ర మాస్టారు. ఆ కర్రతో ఎవరినీ కొట్టరట, నేల మీద తాళం మాత్రం వేస్తారట. కొట్టని మనిషికి అంత లావు కర్ర దేనికో విచారించవలెను. మూడో ఆయన గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంటారు. పెద్దవాళ్ళని లోపలికి పోనివ్వకపోవడమే ఆయన ఉద్యోగం.

చేర్పించిన రోజున పెద్దమ్మ గారు అమ్మాయిని పాడమనలేదు, ఆడమనలేదు. నా వైపు తిరిగి, "మీ ఇంట్లో ఎక్కువ మాట్లాడేది ఎవరండీ?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. "సరే, తెలిసింది" అన్నారు. ఏం తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

2. పోయిన నెల నుంచి మా అమ్మాయి వాలకం మారింది. బడి అవగానే దుకాణానికి వచ్చి కూర్చునేది. ఒళ్ళో పుస్తకం, కళ్ళేమో నా భుజం మీద. నేను సూదిలోకి దారం ఎక్కిస్తుంటే తన మూతి కూడా బిగుసుకునేది. సందు మలుపు తిరిగితే వెనకాల చెప్పుల చప్పుడు. నేను ఆగితే అదీ ఆగేది.

"ఏమిటే?" అన్నాను.

"ఏం లేదు నాన్నా" అంది.

మా ఇంట్లో ఇది చాలా పెద్ద సంభాషణ కిందే లెక్క.

పక్క వీధిలో ఉన్న మా అక్కతో చెప్పాను.

"కూతురు తండ్రిని చూస్తే కేసు పెడతావట్రా?" అంది.

"ఎవరో చూసి రమ్మని పంపుతున్నారక్కా."

"నిన్నా? నీలో చూడటానికి ఏముందిరా నాయనా! గోడగడియారమైనా గంటకోసారి మోగుతుంది."

అక్క మాట పట్టించుకోలేదు. పిల్లల చేత ఇళ్ళ గుట్టుమట్లు రాబట్టించి, తాళాలు ఎక్కడ పెడతారో, ఎప్పుడు ఎవరూ ఉండరో తెలుసుకుంటున్నారని నేను రూఢి చేసుకున్నాను. ఎవరో గమనిస్తున్నారని తెలిశాక ఎవరైనా జాగ్రత్త పడతారు. నేనూ పడ్డాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాను. వెన్ను నిటారుగా పెట్టి నడిచాను. దుకాణానికి వచ్చినవాళ్ళతో గట్టిగా మాట్లాడాను, నవ్వాను కూడా. ఎదురు దుకాణం దర్జీ ప్రత్యేకంగా రోడ్డు దాటి వచ్చి, "ఒంట్లో బాగానే ఉంది కదా అన్నా?" అని అడిగి వెళ్ళాడు.

3. మొన్న శనివారం అమ్మాయి ఏడుస్తూ ఇంటికి వచ్చింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ కేంద్రంలో ఒక పద్ధతి ఉందట. ప్రతి పిల్లా, పిల్లాడూ తమ ఇంట్లో ఉండే ఒక మనిషిని, ఆ మనిషికి తెలియకుండా నెల రోజులు చూడాలి. ఆ నడక, ఆ చెయ్యి, ఆ ఊరుకోవడం అన్నీ నేర్చుకుని అందరి ముందూ చూపించాలి. అందులో నెగ్గినవాళ్ళకే పెద్ద తరగతి. మా అమ్మాయికి కావలసింది ఆ పెద్ద తరగతే. వాళ్ళమ్మ పోయాక అది నోరు తెరిచి అడిగింది ఈ ఒక్కటే.

అది చూపించింది నన్ను.

"నీలాగే నడిచాను నాన్నా. నీలాగే నవ్వాను. పెద్దమ్మ సగంలో ఆపేసింది. 'ఈ మనిషి ఎవరో చూస్తున్నారని నడుస్తున్నాడు, మీ ఇంట్లో మనిషి కాడు' అంది."

"మరి నేను అలా నవ్వనని నీకు తెలుసుగా?"

"తెలుసు. కానీ ఈ నెలంతా నవ్వావుగా! చూసిందే చూపించాలి. కల్పించకూడదు."

ఒకసారి చూపించిన మనిషిని మళ్ళీ చూపించరాదనీ, కావాలంటే ఇంట్లో ఇంకొకరిని చూసి రావాలనీ అక్కడి నిబంధన. పదిమంది ఉన్న ఇంటికి అది సబబే. ఇద్దరే ఉన్న ఇంటికి ఎలా వర్తిస్తుందో తమరే ఆలోచించవలెను. వచ్చే సోమవారం జాబితా గోడకి అంటిస్తారు. అందులో మా అమ్మాయి ఉండదు.

4. ఆదివారం నేనే స్వయంగా వెళ్ళాను.

"పెద్దవాళ్ళు లోపలికి రాకూడదండీ" అన్నారు స్టూలాయన.

"లోపల నా గురించే మాట్లాడుకున్నారు. నేను రాకూడదా?"

"అందుకేనండీ, మీరసలు రాకూడదు."

ఈలోగా పెద్దమ్మ గారే బయటికి వచ్చారు. కాళ్ళకి చెప్పులు లేవు.

"అమ్మా, మా పిల్ల చూపించింది నన్ను కాదు" అన్నాను.

"నేనూ అదేగా అన్నాను."

"అది దాని తప్పు కాదు. మీ మీద అనుమానం వచ్చి నేనే అలా తిరిగాను."

"ఎదుటివాళ్ళకి తెలియకుండా చూడటమే మేం నేర్పేదండీ. మీకు తెలిసిపోయింది కదా."

జవాబు సరిగ్గా ఉండటం వల్ల నా అనుమానం ఇంకా పెరిగింది. ఆవిడ కాసేపు నన్ను ఎగాదిగా చూశారు. నన్నెవరైనా అలా చూస్తే నాకు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వచ్చేశాను.

5. నిన్న మా అమ్మాయి, "పోనీలే నాన్నా, నాకు దుకాణంలో పని నేర్పు" అంది. విప్పిన మిషను ముందు కూర్చుని స్క్రూడ్రైవరు అందుకుంది. ఎడమ భుజం కిందికి వాల్చి, మెడ ఒక పక్కకి పెట్టి, ఊపిరి బిగబట్టి మర తిప్పింది. నేను అలా కూర్చుంటానని నాకే తెలియదు. దానికీ తెలియదు, అది ఆ పూట నటించడం లేదు. పెద్దమ్మ గారు చూడవలసింది అది. అప్పుడు ఆవిడ అక్కడ లేరు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

(అ) సదరు ముగ్గురూ ఎవరు, ఎక్కడివారు, పిల్లలతో వారికి ఏం పని అన్నది క్షుణ్ణంగా విచారించవలెను.

(ఆ) విచారణ జరిగినంతకాలం కేంద్రాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మూయరాదు. పెద్ద తరగతిని ఆపరాదు.

(ఇ) పోయిన నెలలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తిరిగిన వ్యక్తి నేను కానని నమోదు చేసి, నన్ను మా ఇంట్లోని ఇంకొక మనిషిగా పరిగణించవలసిందని వారికి ఆదేశాలు ఇవ్వవలెను. ఇందుకు సాక్షులుగా మా అక్క, ఎదురు దుకాణం దర్జీ సంతకాలు చేశారు. మా అక్క సంతకం పక్కన "వీడు నిజంగానే మాట్లాడడు" అని కూడా రాసింది. చెరిపితే కాగితం చిరిగేలా ఉందని వదిలేశాను.

జాబితా గోడకెక్కక మునుపే నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కుట్టుమిషన్ల మెకానిక్

తా.క. మధ్యాహ్నం. ముసురు పెద్ద వానైంది. అర్జీ మడత పెడుతూ తలెత్తితే అమ్మాయి బడికి పోకుండా గుమ్మం పక్కన నిలబడి ఉంది.

"ఎప్పుడొచ్చావు?"

"నువ్వు మొదటి కాగితం రాస్తున్నప్పుడు."

"ఇంతసేపూ చూస్తున్నావా?"

"నువ్వు చూడలేదుగా!"

ఆదివారం నేను వచ్చేశాక పెద్దమ్మ గారు దీనికి కబురు పంపారట. మీ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు, గుమ్మం దాకా వచ్చి వెళ్ళాడు, వెతికి చూడు అని. తమ ఆదేశం అందకుండానే వారు (ఇ) అంశాన్ని ఎలా అమలు చేశారో అదీ విచారించవలసినదే.

"ఇప్పుడు నాకు తెలిసిపోయింది కదే. ఇంక లాభం లేదు" అన్నాను.

"నీకు తెలిసింది ఇప్పుడేగా నాన్నా. నాకు కావలసింది అయిపోయింది. మరిచిపోకముందే చూపించాలి" అని గోదాము వైపు పరుగెత్తింది. నెత్తి మీద చున్నీ అయినా వేసుకోలేదు. వీధి మలుపులో ఎడమ భుజం వాల్చి నడక మొదలుపెట్టింది, తడుస్తోందన్న ధ్యాస కూడా లేకుండా.

(అ) అంశంపై నా అనుమానం అలాగే ఉంది. మిగతా రెండూ సోమవారం తేలతాయి. ఈలోగా గొడుగు తీసుకుని, దుకాణం తలుపు దగ్గరికి వేసి, దాని వెనకాలే వెళ్తున్నాను.