కారం లేని మిరప మొక్క

శ్రీమతికి శ్రీవారు తనలో తాను నవ్వుకుంటూ రాసేదేమంటే, ఇక్కడ నేను, అక్క, మేడమెట్ల మీది నీ కుండీలు అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ పూలతోటవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. భోజనం వేళకే చేస్తున్నాను. వండేది నేను, వంకలు పెట్టేది అక్క. కుట్టుమిషను బెల్టు మార్పించాను. అందానికి పెంచే నీ మిరప మొక్కల్ని ఎండలోనే పెడుతున్నాను, పైన మట్టి ఎండితేనే నీళ్ళు పోస్తున్నాను. నువ్వు చెప్పినట్టే చిగుళ్ళు గిల్లాను. గిల్లేటప్పుడు ప్రాణం ఉసూరుమంది గానీ, ఇప్పుడు కొమ్మలు గుబురుగా వచ్చాయి.

కుండీల్లో నువ్వు గుచ్చిన పేర్ల పుల్లల మీది రాత వానకు పోయిందని రాశాను కదా. టైలర్ని కాబట్టి నా పద్ధతిలో నేను సర్దాను. ఊదా కాయల మొక్కకు ఊదా గుడ్డపీలిక, మీగడరంగు కాయలకు మీగడరంగు పీలిక, నారింజ కాయలకు నారింజ పీలిక. ఎంత ముచ్చటగా ఉందో! కొన్నాళ్ళు పోయాక చూద్దును కదా, ఊదావి మీగడరంగుకు తిరిగాయి, మీగడవి నారింజకు వచ్చాయి, నారింజవి ఎర్రగా పండి కూర్చున్నాయి. కుండీలు మార్చేశావని అక్కతో పోట్లాడాను కూడా.

"టమాటా పండితే రంగు మారదూ? నీకు టేపు, కత్తెర తప్ప లోకం తెలీదురా!" అని అక్క ఒకటే నవ్వు.

నీ ఉత్తరం వచ్చాక బుద్ధొచ్చింది. కాయ రంగు వయసును బట్టి మారుతుంది, ఆకునూ పువ్వునూ కాయ ఆకారాన్నీ చూడమన్నావు. కళ్ళజోడు పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. పచ్చని ఆకు, తెల్ల పువ్వు, పైకి నిక్కిన కోలకాయ ఉన్నవి నర్సరీలో కొన్నవి. నల్లటి ఆకు, ఊదా పువ్వు, గుండ్రటి చిట్టి కాయ ఉన్నది నువ్వు రెండు రకాలు కలిపి పుట్టించిన మొక్క. అంతా బాగానే ఉంది కానీ, అలాంటివి రెండున్నాయోయ్! ఒకే కాయ గింజలాయె, కవలపిల్లల్లా ఉన్నాయి. నీకు కావలసింది కారం లేనిది. పిల్లలున్న ఇంట్లో బెంగ లేకుండా పెట్టుకునేది. గింజల కోసం దాని పళ్ళు అందితేనే తోటవాళ్ళు నీ ఉద్యోగం ఖాయం చేస్తామన్నారాయె. ఇక కొరికి చూడక తప్పలేదు.

మందు కొట్టని మొక్కలే కదా అని మొదటి కుండీలో ఒక పండు తెంపి నోట్లో వేసుకున్నాను. చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. కళ్ళూ ముక్కూ ధారలు కట్టాయి. సరిగ్గా అప్పుడే, ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి బేకరీ ఆయన వచ్చాడు.

"అయ్యయ్యో, ఏంటండీ ఇది? ఇంట్లో ఆవిడ గుర్తొచ్చారా?"

మిరపకాయ తిన్నానని చెప్పుకోవడానికి నామోషీ వేసి తలూపాను. పాపం, ఆయన నా పక్కనే మెట్టు మీద కూలబడి, సంచిలోంచి రొట్టె తీసి నా చేతిలో పెట్టాడు. "తినండి ముందు. వచ్చేస్తార్లెండి" అన్నాడు. రొట్టెతో నోటి మంట తగ్గింది. కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు.

ఆయన వెళ్ళాక రెండో కుండీలో పండు కొరికాను. చప్పగా, కాస్త తియ్యగా ఉంది. నమ్మకం చాలక ఇంకోటి తిన్నాను. అదే, నీ మొక్కే!

ఇంతసేపూ దాటవేస్తూ వచ్చిన మాట ఇప్పుడు చెబుతాను. దొరికినందుకు గంతులెయ్యాలి కదా, వెయ్యలేదు. పళ్ళు పంపితే నువ్విక అక్కడే ఉండిపోతావు. మొక్క ఎండిపోయిందని ఒక్క మాట రాస్తే ఇంటికొచ్చేస్తావు. ఆ మాట రాశాను కూడా. అక్కను పిలిచి చదివి వినిపించాను, ఆమైనా సరే అంటుందేమోనని. అక్క లేచి లోపలికి వెళ్ళింది. కత్తెర తెచ్చి నా చేతికిచ్చింది. ఆ కాగితాన్ని నేనే కత్తిరించి పారేశాను.

"నీ ఇష్టం, నాకేం ఇబ్బంది లేదు" అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నానే, అది పచ్చి అబద్ధం. నువ్వు లేకపోతే నాకు పొద్దు పోవడం లేదు. అలాగని నీ చేతికి అందొచ్చిన పని నా బెంగ కోసం పోగొట్టుకుంటే, నీ మొహం ఎలా చూడను?

పళ్ళు పోస్టులో వేస్తే నలిగిపోతాయి. కుండీని ఒళ్ళో పెట్టుకుని నేనే వస్తున్నాను. మిషను వెనకాలే లారీలో వస్తుంది. కొట్టు తాళాలు అక్కకిచ్చాను. "పోరా నాయనా, నీ దిగాలు మొహం చూడలేక చస్తున్నాను" అంది. బట్టలు కట్టుకునే మనుషులున్న ఊళ్ళో టైలరుకు పని దొరక్కపోతుందా?

మా ఆయన్ని అడిగి చెబుతానని తోటవాళ్ళతో అన్నావట. అడిగావు, ఇదే నా జవాబు. ఉద్యోగానికి ఒప్పుకో. వెలుతురున్న గది చూడు, ఇద్దరికి సరిపోయేది.

ఇట్లు,
మూటాముల్లె సర్దుకుంటున్న
నీ శ్రీవారు