మింగేసిన అక్షరాలు

అక్కా,

పాప బాగుంది, నా ఉద్యోగానికీ ఏమీ కాలేదు. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను.

మా రెండో తరగతి పిల్ల రెండు రోజులుగా ముద్ద ముట్టలేదని, అందరూ నన్నే తప్పుపడతారని నీకు ఫోనులో చెప్పి ఏడ్చాను కదా. డాక్టరు బుజ్జగించి అడిగితే సంగతి బయటపడింది.

"అక్షరాలు మింగేస్తున్నావన్నారు టీచర్. కడుపులో ఇంక చోటు లేదు" అందట! తొందర తొందరగా చదువుతుంటే ఆ మాటన్నది నేనే.

ఇవాళ వాళ్లమ్మ బడికి తీసుకొస్తే, పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "గట్టిగా చదువు తల్లీ, అన్నీ బయటికొచ్చేస్తాయి" అన్నాను. పేజీ అంతా నిదానంగా చదివింది. తర్వాత కడుపు తడుముకుని, "'ళ' ఒక్కటి ఉండిపోయినట్టుంది టీచర్. పోనీలెండి, ఆకలేస్తోంది" అంది.

వాళ్లమ్మ పకపకా నవ్వింది. నేను బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

నీ చెల్లి