ఒకే పేరున్న అక్కచెల్లెళ్ళు

అమ్మా,

ఎదురుగా చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ఈ నెలంతా మ్యూజియంలో నాకు గవ్వల గది అప్పగించారు. మాసిపోయిన చీటీలు తీసేసి కొత్తవి రాసి అతికించాలి. కిటికీలకు ఆకుపచ్చ తెరలు. మధ్యాహ్నం వెలుతురు నీళ్ళ అడుగున ఉన్నట్టు ఊగుతుంటుంది. సొరుగు తెరిచి కూర్చుంటే ఎక్కడున్నానో నాకే తెలియదు.

నిన్న ఒక ఆల్చిప్ప చేతికొచ్చింది. ఉల్లిపొరంత పల్చన. వెలుతురుకు పట్టి చూస్తే అవతలున్న నా వేళ్ళు గులాబిరంగు నీడల్లా కనిపించాయి. చీటీ మీద లాటిన్ పేరు: ఫుల్వియా.

"అది పాతకాలం రోమన్ల ఇంటిపేరు కూడానమ్మా," అన్నారు క్యూరేటర్ గారు. "ఆ ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలు పుట్టినా అందరికీ అదే పేరు."

"మరి పిలవడమెలా?"

"పెద్దదీ, చిన్నదీ అనుకునేవాళ్ళు."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పదేళ్ళప్పుడు నీ పెట్టెలో బట్టల అడుగున ఒక పసిబిడ్డ ఫొటో చూశాను. వెనక నా పేరు. తేదీ మాత్రం నేను పుట్టడానికి రెండేళ్ళ ముందుది. అత్తనడిగితే, "మీ అక్కే. పదకొండు రోజులుంది. అమ్మ దగ్గర ఆ ఊసెత్తకు," అంది. అప్పట్నుంచీ నువ్వు పిలిచినప్పుడల్లా ఎవరిని పిలుస్తున్నావో అని వెనక్కి చూసేదాన్ని. పోయినదాని పేరు నాకు తొడిగావనుకున్నాను. నన్ను నా కోసమే కన్నావా అని అడిగే ధైర్యం ఇన్నేళ్ళూ లేకపోయింది.

పేరు మార్చుకుంటున్నానమ్మా. సోమవారం కాగితాలు ఇచ్చేస్తాను. కోప్పడకు.

నీ కూతురు

*

బంగారూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. మీ అత్త నోట్లో నువ్వుగింజ నానదు. పాపం, ఆవిడకు తెలిసిందే సగం.

మీ అక్కకు అసలు పేరే లేదు. నేనొకటంటే మీ నాన్న ఒకటి. తేల్చుకునేలోపే పోయింది. ఆస్పత్రి కాగితంలో "ఆడశిశువు" అని రాసి ఊరుకున్నారు. నువ్వు కడుపులో మొదటిసారి కదిలిన రోజున మాత్రం మేమిద్దరం ఒక్కమాట మీదున్నాం. ఆ పేరు నీకోసం పుట్టింది.

నీకు నాలుగో నెలలో, నిన్ను ఒళ్ళో వేసుకుని ఆ ఫొటోను పెట్టెలోంచి బయటికి తీశాను. ఊరూ పేరూ లేకుండా పోయిందే అని దుఃఖం ముంచుకొచ్చింది. వెనక ఎప్పుడో వేసిన తేదీ ఉంది. దాని కింద నీ పేరు రాశాను. నీదే దానికి తొడిగాను తల్లీ.

మార్చుకో, తప్పులేదు. నీ పేరు, నీ ఇష్టం. అప్పుడు నిన్ను అడక్కుండా తీసుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు వదిలేస్తే, దాన్ని మీ అక్కకు ఉంచేయనా?

మీ అమ్మ