ఆరని రంగు మీద నాలుగు వేళ్ళు

అన్నయ్యకి నాంచారయ్య నమస్కారాలు. నువ్వు, వదిన, చిట్టి క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను, తిండికి లోటు లేదు, దిగులు పెట్టుకోవద్దని అమ్మకి చదివి చెప్పు. ఈ కిందది మాత్రం వినిపించకు.

నాన్న సంవత్సరీకానికి నేను రాలేను. ఆయన పోయినప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాను. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా అననీ, పడతాను. తప్పు నాదే.

షార్జా ఎండ గురించి పోయిన ఉత్తరంలో రాశాను, మళ్ళీ ఎందుకు. మనూళ్ళో పడవకి రంగంటే బందరు నుంచి డబ్బా తెచ్చి పొద్దున పూసి, మర్నాడు వల ఎక్కించేస్తాం. ఇక్కడ డబ్బున్నవాళ్ళ షికారు పడవలకి రంగు వెయ్యడం ఒక్క పూట, దానికి ముందు గీకడం మూడు వారాలు. గుంటలు పూడేలా లప్పం పెట్టి, ఆరాక నల్లపొడి రుద్ది గరుకు కాగితంతో గీకుతాం. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. మళ్ళీ లప్పం, మళ్ళీ గీకుడు. కంటికి ఆనని గరుకు కూడా అరచేతికి తెలుస్తుంది. నా వేళ్ళ మీద గీతలే అరిగిపోయాయి.

మా మేస్త్రీ మలయాళీ. ఇప్పుడు మా చేతిలో ఉన్న తెల్ల పడవ మచ్చ లేకుండా దింపితే నెల రోజులు సెలవు ఇప్పిస్తానన్నాడు. రంగు వేసే రోజు గాలి లేవకముందే నేలంతా నీళ్ళు చల్లి దుమ్ము అణగ్గొట్టాం. ముదినేపల్లి సుబ్బారావు బావ రోలరుతో రంగు పూస్తూ ముందు వెళ్తే, వెనకాలే నేను బ్రష్షు కొస ఆనించీ ఆనించకుండా లాగుతూ వచ్చాను. మధ్యలో ఆగితే చార పడుతుంది. చెమట కళ్ళలోకి కారుతున్నా ఆగలేదు. అంతా అయ్యాక మేస్త్రీ ట్యూబులైటు పక్కన పట్టి చూశాడు. రంగులో దాని నీడ ఎక్కడా వంకర పోలేదు. నా భుజం తట్టాడు.

ఇంక ఇంటికి వెళ్తున్నాననుకున్నాను, అన్నయ్యా. అంతే, చెయ్యి దానంతటదే పడవ ముక్కు మీదికి వెళ్ళింది. ఆనించి కళ్ళకద్దుకున్నాను, నాన్న మనకి నేర్పినట్టే. తీరా చూస్తే పడవ మీద నాలుగు వేళ్ళు, నా కనురెప్పల మీద తెల్ల రంగు.

"అదేంటి బావా, ఆరకముందే మొక్కేశావ్!" అన్నాడు సుబ్బారావు బావ. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

అక్కడొక్కచోటే దిద్దితే అతుకు తెలిసిపోతుందట. ఆ పక్కంతా గీకి మళ్ళీ వెయ్యాలి. మేస్త్రీ ఒక్క మాట కూడా తిట్టలేదు, సెలవు కాగితం మాత్రం చింపేశాడు. బ్రష్షు వేరేవాడి చేతికి వెళ్ళింది. నేను మళ్ళీ గీకుడికి వచ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? గదికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

సంవత్సరీకం లోపల మన పడవకి రంగు వేస్తానని, నున్నగా రావాలంటే ఎలాగో రాయమని అడిగావు కదా. పాత రంగు మీదే పూసెయ్యకు. ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరనిచ్చి గీకు. ఎండెక్కాక వెయ్యకు. పల్చగా రెండుసార్లు వెయ్యి. అయ్యాక ఎవర్నీ ముట్టుకోనివ్వకు.

పెద్ద మావయ్యకీ అత్తయ్యకీ నా దణ్ణాలు. చిట్టికి ముద్దులు. అమ్మకి సెలవు దొరకలేదని మాత్రం చెప్పు. నాన్న ఫొటో ఒకటి పంపు, నా దగ్గరున్నది చెమటకి పాడైంది.

ఇంకొక్క మాట. పడవంతా గీకు గానీ, ముక్కు దగ్గర నాన్న రోజూ చెయ్యి ఆనించి ఆనించి రంగుపోయి చెక్క తేలిన చోటుంది చూడు, అక్కడ కాగితం పెట్టకు, రంగూ వెయ్యకు. మూడు వారాలు గీకినా నాకు అంత నునుపు రాలేదు. నేను వచ్చాక అక్కడ చెయ్యి పెట్టుకోవాలి.

నీ ఆశీస్సులు కోరే తమ్ముడు,
నాంచారయ్య